తేనె మైనం మనదే, కానీ స్నానం నీళ్ల కోసం దాన్ని అడగొద్దు

పోస్టు పొడుగ్గా ఉంటుంది, ముందే చెప్తున్నాం. లెక్కలు కూడా ఉన్నాయి. ఓపిక ఉన్నవాళ్లు చదవండి, ఎక్కడైనా తేడా కనిపిస్తే మొహమాటపడకుండా అడగండి.

సోలార్ వేడిని మైనంలో దాచుకోవచ్చు, పొద్దుగూకాక వాడుకోవచ్చు అనే మాట ఈమధ్య మన కుర్రాళ్ల మధ్య బాగా తిరుగుతోంది. తేనె మైనం మన అడవిలోదే కాబట్టి వినగానే ఛాతీ ఉబ్బుతుంది. "మన హాస్టళ్లలో కూడా ఇలాంటి హీటర్లు పెట్టమని అడుగుదాం" అని చాలామంది అంటున్నారు. మా మాట కొంచెం వేరు. మైనంలో వేడి దాగుతుందన్నది నిజమే. స్నానం నీళ్ల కోసం మాత్రం దాన్ని అడగడం దండగ. దాని అవసరం ఉన్న చోటు ఇంకొకటి ఉంది, అది మన కళ్లం దగ్గర. ఎందుకో చెప్తాం.

చలి గురించి మీకు చెప్పక్కర్లేదు. పాడేరు, చింతపల్లి, లంబసింగి, అరకు వైపు డిసెంబరు, జనవరిలో పొద్దున్నే కుళాయి తిప్పితే వేళ్లు కొంకర్లు పోతాయి. అటు సిర్పూర్ (యు), తిర్యాణి వైపు తమ్ముళ్లదీ ఇదే కథ. లంబసింగి మంచు చూడ్డానికి జనం కార్లేసుకుని వస్తారు, ఫోటోలు దిగి వెళ్లిపోతారు. అదే మంచులో అయిదున్నరకి లేచి చన్నీళ్లు పోసుకుని స్టడీ అవర్‌కి కూర్చునేది మనమే. మేం చదువుకున్న హాస్టళ్లలో ఒకదాని మీద సోలార్ హీటరు ఉండేది. ట్యాంకు చుట్టూ ఉండాల్సిన దూది లాంటి పొర తడిసి ఊడిపోయింది, గొట్టాలు రెండు పగిలాయి, ఎవరూ బాగుచేయలేదు. మూడేళ్లు దాన్ని చూస్తూ చన్నీళ్లే పోసుకున్నాం. కాబట్టి వేడినీళ్ల మీద ఆశ మాకూ ఉంది.

ముందు మైనం ఏం చేస్తుందో చూద్దాం. ఇప్ప నూనె ఇంట్లో ఉన్నవాళ్లకి ఇది కొత్తేం కాదు. చలికాలం పొద్దున సీసాలో నూనె తెల్లగా గడ్డకట్టి ఉంటుంది. ఎండలో పెడితే కరుగుతుంది, సాయంత్రానికి మళ్లీ బిగుస్తుంది. ఆ కరగడానికి అది ఎండ నుంచి వేడి తీసుకుంటుంది, బిగిసేటప్పుడు ఆ వేడిని తిరిగి బయటికి వదిలేస్తుంది. ఇంటర్ ఫిజిక్సులో గుప్తోష్ణం అని బట్టీ పట్టింది ఇదే. తేనె మైనం 62 నుంచి 64 డిగ్రీల దగ్గర కరుగుతుంది. కరుగుతున్నంతసేపూ ఎంత వేడి ఇచ్చినా దాని ఉష్ణోగ్రత పెద్దగా పెరగదు, ఇచ్చిన వేడంతా కరగడానికే పోతుంది. చల్లారేటప్పుడు అదే 62 దగ్గర చాలాసేపు ఆగి, గడ్డకడుతూ వేడిని వెనక్కి ఇస్తుంది. కిలో మైనం కరగడంలో దాచే వేడి సుమారు 180 కిలోజౌల్స్. పుస్తకానికో అంకె ఉంటుంది, మేం 180 పట్టుకున్నాం.

ఈ పనికి ప్రపంచంలో ఎక్కువగా వాడేది పారఫిన్ మైనం, అంటే కొవ్వొత్తుల మైనం. అది పెట్రోలియం నుంచి వస్తుంది. పెట్రోలియం వద్దు, ప్రకృతిలో దొరికేది కావాలి అనుకున్నవాళ్లు తేనె మైనం వైపు, బ్రెజిల్ తాటిజాతి చెట్టు ఆకుల మీద దొరికే కార్నూబా మైనం వైపు, కొబ్బరి, పామాయిల్ నుంచి తీసే కొవ్వు ఆమ్లాల వైపు చూస్తున్నారు. కార్నూబా 80 డిగ్రీలు దాటితే గానీ కరగదు. కొబ్బరి నూనెలో సగం దాకా ఉండే లారిక్ ఆమ్లం 44 డిగ్రీలకే కరుగుతుంది. ఏది ఎన్ని డిగ్రీలకు కరుగుతుంది అన్నదే ఇక్కడ అసలు విషయం. "మైనం వేడిని దాస్తుంది" అని ఊరికే అంటే సరిపోదు, ఏ డిగ్రీ దగ్గర దాస్తుందో కూడా చెప్పాలి.

ఇప్పుడు స్నానం లెక్క. ఒక మనిషికి ఒక బకెట్, 15 లీటర్లు అనుకుందాం. కుళాయి నీళ్లు 15 డిగ్రీలు, మనకు కావాల్సింది 40. లీటరు నీళ్లను ఒక డిగ్రీ వేడి చేయడానికి 4.18 కిలోజౌల్స్ కావాలి. 15 లీటర్లు, 25 డిగ్రీలు, గుణిస్తే సుమారు 1,570 కిలోజౌల్స్. మైనం 65 నుంచి 40 దాకా చల్లారితే, గడ్డకట్టినప్పుడు ఇచ్చేది, ఊరికే చల్లారినప్పుడు ఇచ్చేది రెండూ కలిపి కిలోకి 230 దాకా వస్తుంది. అంటే బకెట్‌కి దగ్గర దగ్గర 7 కిలోల మైనం. వందమంది ఉన్న హాస్టల్‌కి 700 కిలోలు!

ఇప్పుడు మైనం లేకుండా లెక్క కట్టండి. 65 డిగ్రీల వేడినీళ్లు ఏడున్నర లీటర్లు, 15 డిగ్రీల చన్నీళ్లు ఏడున్నర లీటర్లు కలిపితే ఎంత? సరిగ్గా 40 డిగ్రీల బకెట్ నిండా నీళ్లు. 7 కిలోల మైనం చేసే పని ఏడున్నర లీటర్ల మామూలు నీళ్లు చేస్తున్నాయి. నీళ్లు ఊరికే వస్తాయి. మైనం బజార్లో కిలో వందల రూపాయల్లో ఉంటుంది.

ఈ లెక్క మా రూమ్‌లో మొదటిసారి వేసినప్పుడు ఎవరూ నమ్మలేదు, మళ్లీ వేశాం. అంతే వచ్చింది. నీళ్లు వేడిని దాచడంలో చాలా గట్టివి, మనం రోజూ చూస్తాం కాబట్టి విలువ తెలీదు అంతే. పైగా మైనానికి ఇంకో ఇబ్బంది ఉంది. దానిలోంచి వేడి తొందరగా కదలదు. నీళ్లతో పోలిస్తే సగం కంటే తక్కువే వేడిని లాగుతుంది. వేడి తీసుకునే గొట్టం చుట్టూ ముందుగా మైనం గడ్డకడుతుంది, ఆ గడ్డే దుప్పటిలా అడ్డం పడి లోపలి వేడిని బయటికి రానివ్వదు. అందుకే సన్నని గొట్టాలు, అల్యూమినియం రేకులు ఇలా బోలెడు హంగులు కావాలి. పొగమంచు రోజుల్లో పలక 64 డిగ్రీలు దాటకపోతే మైనం అసలు కరగనే కరగదు. ఆ రోజు అది ట్యాంకులో చోటు ఆక్రమించిన బరువు, అంతకుమించి ఏం లేదు.

రాత్రంతా వేడి నిలవాలంటే ట్యాంకు చుట్టూ మందంగా, తడవని పొర ఉండాలి. లోపల మైనం ఉన్నా నీళ్లు ఉన్నా ఆ పొర లేకపోతే వేడి బయటికి పోతుంది. మన హాస్టళ్ల మీద హీటర్లు పనిచేయకపోవడానికి కారణం మైనం లేకపోవడం కాదు. పొర ఊడిపోవడం, గొట్టం పగిలితే మార్చే మనిషి లేకపోవడం, నిర్వహణకు పైసలు రాయకపోవడం. ఇవి అడగాలి. "ప్రకృతి మైనం హీటరు" అని కొత్త పేరుతో ఇంకో డబ్బా తెచ్చి, రిబ్బన్ కత్తిరించి, ఏడాది తర్వాత పాత డబ్బా పక్కన పడేస్తే మనకేటి లాభం?

కొత్తది ఏదైనా కొన్నాళ్లు నడిచి చూడాలి అనడానికి ఒక పాత ఉదాహరణ ఉంది. 1948లో అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం డోవర్‌లో మరియా టెల్కెస్ అనే శాస్త్రవేత్త, ఎలినార్ రేమండ్ అనే ఆర్కిటెక్టుతో కలిసి పూర్తిగా ఎండ వేడితోనే నడిచే ఇల్లు కట్టించింది. ఆమె వాడింది మైనం కాదు, గ్లాబర్ లవణం. 32 డిగ్రీలకు కరుగుతుంది. మొదట్లో బాగానే నడిచింది, మూడో చలికాలానికి చెడిపోయింది. కరిగి గడ్డకట్టి, కరిగి గడ్డకట్టి ఆ ఉప్పు పొరలు పొరలుగా విడిపోయింది, డబ్బాలు తుప్పుపట్టాయి. మైనానికి ఈ రోగం లేదు, విడిపోదు, ఇనుముని తినదు. అది మైనం వైపు గట్టి మాటే, ఒప్పుకోవాలి.

మరి మైనం ఎక్కడ గెలుస్తుంది? వేడి ఎంత ఉంది అన్నదానికన్నా, ఏ డిగ్రీ దగ్గర కదలకుండా నిలబడాలి అన్నది ముఖ్యమైన చోట. దీనికి మేం చూసినవాటిలో మంచి ఉదాహరణ ఎంబ్రేస్ అనే పసిపిల్లల సంచి. 2007లో స్టాన్‌ఫోర్డ్ విద్యార్థులు క్లాసు ప్రాజెక్టుగా మొదలుపెట్టి, తర్వాత బెంగళూరు వచ్చి తయారుచేశారు. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డని పడుకోబెట్టే చిన్న సంచి అది. అందులో 37 డిగ్రీల దగ్గర కరిగే మైనం లాంటి పదార్థం ఉంటుంది. ఒకసారి వేడిచేసి పెడితే నాలుగు నుంచి ఆరు గంటలు అదే 37 దగ్గర నిలుస్తుంది. వేడినీళ్ల సీసా పెడితే ముందు కాలుతుంది, తర్వాత చల్లబడుతుంది. ఇది అలా కాదు. కరెంటు పోయిన ఏజెన్సీ ఆసుపత్రిలో, అంబులెన్సు రాని దారిలో ఆ నాలుగు గంటలంటే ఏంటో మన ఊళ్లలో తల్లులకి తెలుసు. (ఇది డాక్టరు, నర్సమ్మ చేతిలో ఉండాల్సిన వస్తువు. ఇంట్లో మైనం కరిగించి బిడ్డ పక్కన పెట్టే పని ఎవరూ చేయొద్దు.)

ఇక కళ్లం దగ్గరకి వద్దాం. కాఫీ కోత మన వైపు నవంబరు నుంచి సంక్రాంతి దాటేదాకా, అంటే సరిగ్గా మంచు ఎక్కువగా ఉండే రోజుల్లోనే. పండు పైతొక్క తీసి, కడిగి, గింజ ఆరబెడితే తేమ సగం దాకా ఉన్నది 10-12 శాతానికి దిగాలి. వారం పది రోజులు పడుతుంది. పగలు ఎండిన గింజ రాత్రి మంచుకు మళ్లీ చెమ్మ ఎక్కుతుంది. అమ్మావాళ్లు సాయంత్రం కుప్ప చేసి టార్పాలిన్ కప్పుతారు, పొద్దున ఎండ వచ్చేదాకా మళ్లీ విప్పరు. రెండు రోజులు ముసురు పట్టిందంటే గింజ రంగు మారుతుంది, బూజు వాసన వస్తుంది, కొనేవాడు ఒక్కసారి వాసన చూసి రేటు తగ్గిస్తాడు. ఏడాది కష్టం ఆ ఒక్క వాసనలో పోతుంది. మిరియాలకు, పసుపుకు కూడా ఇంతే.

సోలార్ డ్రయర్ అంటే పెద్ద యంత్రం ఏం కాదు. వాలుగా ఒక పెట్టె, లోపల నల్లరంగు వేసిన రేకు, పైన అద్దం. కింది నుంచి గాలి వెళ్లి రేకు మీద వేడెక్కి పైకి లేస్తుంది, పైన అరల్లో గింజలు ఉంటాయి. ఎండ ఉన్నంతసేపూ బాగుంటుంది, పొద్దు వాలగానే ఆగిపోతుంది, ఎందుకంటే గాలి వేడిని దాచుకోలేదు. ఇక్కడ దాచే వస్తువు ఏదో ఒకటి పెట్టాల్సిందే. మంచి ఎండ ఉన్న మధ్యాహ్నం అద్దం కింద నల్లరేకు 70 దాటడం కష్టం కాదు, కాబట్టి 64 డిగ్రీలకు తేనె మైనం కరుగుతుంది. రాత్రి 62 దగ్గర నిలబడి మెల్లగా వదులుతుంది. కాఫీ గింజకు అంత వేడి తగలకూడదు, 40 దాటితే రుచి పాడవుతుంది. అందుకే మైనం గొట్టాలు గింజలకు దూరంగా పెట్టి, బయటి చల్లగాలిని కలిపి పంపాలి.

20 కిలోల మైనం పెడితే 65 నుంచి 40కి దిగేసరికి సుమారు 4,600 కిలోజౌల్స్ ఇస్తుంది. అదే పని రాళ్లు చేయాలంటే 200 కిలోలు దాటాలి. నీళ్ల డబ్బాలైతే 44 లీటర్లు. కిలో నీటిని గింజలోంచి ఆవిరి చేయడానికి 2,400 దాకా కావాలి కాబట్టి, ఒక్క చుక్క వేడి వృథా కాకపోయినా 20 కిలోల మైనం రాత్రికి రెండు కిలోల నీటిని కూడా తీయలేదు. అంటే రాత్రంతా ఆరబెట్టేస్తుందని ఎవరైనా చెప్తే నమ్మొద్దు. అది చేయగలిగింది పెట్టెలో గాలిని బయటి గాలికన్నా కొంచెం వెచ్చగా ఉంచి, గింజకు మంచు చెమ్మ ఎక్కకుండా ఆపడం. మాకు అది చాలు. పగలు ఆరింది రాత్రి వెనక్కి పోకపోతే రెండు మూడు రోజులు కలిసొస్తాయని మా అంచనా.

"మరి రాళ్లే పెట్టొచ్చు కదా, కొండలో రాళ్లకు కొదవేంటి" అని మా సీనియర్ అన్న ఒకరు అడిగారు. మంచి ప్రశ్న. అందుకే మేం మూడు పెట్టెలు పక్కపక్కన పెట్టి చూడాలంటున్నాం. ఒకదాంట్లో గులకరాళ్లు, ఒకదాంట్లో మూత బిగించిన నీళ్ల డబ్బాలు, ఒకదాంట్లో మైనం. మూడింటికీ ఒకే సైజు రేకు, ఒకే గింజ, గంటకోసారి థర్మామీటరు. రాళ్లు గెలిస్తే మైనాన్ని హాయిగా వదిలేద్దాం. మైనం గెలిస్తే మన దగ్గర అంకెలు ఉంటాయి. పేపరు రాసుకోవడానికి ఎవరో వచ్చి మన కళ్లంలో కొలిచి పట్టుకుపోవడం కాదు, ఆ నోటుబుక్కు మన దగ్గర ఉండాలి.

మైనం కరిగించే పని మన జాతులకు కొత్త కూడా కాదు. ఆదిలాబాద్ వైపు ఓజా అన్నలు, అక్కలు మట్టి అచ్చు మీద మైనం తీగలు చుట్టి, పైన మళ్లీ మట్టి మెత్తి, కాల్చి, మైనం కరిగి పోయిన ఖాళీలో ఇత్తడి పోస్తారు. 2018లో ఆదిలాబాద్ డోక్రాకి జీఐ గుర్తింపు వచ్చింది. మైనం ఎంత వేడికి మెత్తబడుతుంది, ఎప్పుడు పగులుతుంది, దేనితో కలిపితే ఎలా ఉంటుంది అనేది థర్మామీటరు లేకుండా వేలితో చెప్పగలిగేవాళ్లు వాళ్లు. పెట్టె చేసేటప్పుడు ముందు అడగాల్సింది ఇంజనీరింగ్ కాలేజీని కాదు, వాళ్లని.

ఇక అసలు మా భయం. రేపు ఎక్కడో పట్నాల్లో "సహజ మైనం సోలార్" అని గిరాకీ పెరిగిందనుకోండి, ఆ మైనం ఎక్కడి నుంచి రావాలి? తేనెటీగ కిలో మైనం తయారుచేయడానికి ఆరు నుంచి ఎనిమిది కిలోల తేనె తింటుందని చెప్తారు. ఇందాక హాస్టల్‌కి లెక్క కట్టిన 700 కిలోల మైనం వెనక నాలుగు టన్నులు దాటిన తేనె ఉంది. కొండతేనె పట్టులో తేనె పై భాగంలో, కొమ్మకి దగ్గరగా ఉంటుంది. కింద పిల్లలు ఉంటాయి. తేనె భాగం మాత్రమే కోసి, పిల్లలున్న భాగం వదిలేస్తే ఆ పట్టు మళ్లీ నిండుతుంది. మైనం రేటు తేనెని మించితే ఎవరు వదులుతారు? మంట పెట్టి మొత్తం పట్టు దింపేస్తారు. ఈగలు పోతే కాఫీ పూతకీ దెబ్బే. అందుకే చెప్తున్నాం, మైనం డ్రయర్‌లో వాడినా అది ఒకసారి కొన్నది ఏళ్ల తరబడి నడవాలి. అందులో మైనం ఖర్చయిపోదు, కరిగి మళ్లీ గడ్డకడుతుంది అంతే. కరిగినప్పుడు పదో వంతు దాకా ఉబ్బుతుంది కాబట్టి గొట్టం నిండా పోయకుండా పైన ఖాళీ వదిలితే కారిపోదు. మొదటిసారి నింపేటప్పుడు నేరుగా మంట మీద కరిగించొద్దు, వేడినీళ్ల గిన్నెలో పెట్టి కరిగించాలి, లేకపోతే అంటుకుంటుంది.

ఇంకోటి, చాలామందికి తెలియనిది. 2006 అటవీ హక్కుల చట్టంలో చిన్నతరహా అటవీ ఫలసాయం అంటే ఏమిటో చెప్పే చోట తేనె, మైనం, లక్క అని పేర్లు పెట్టి రాశారు. మైనం అన్న మాట చట్టంలోనే ఉంది. సంప్రదాయంగా సేకరించుకునే ఆ ఫలసాయం మీద యాజమాన్య హక్కు, సేకరించి, వాడుకుని, అమ్ముకునే హక్కు మనదని మూడో సెక్షన్ చెప్తోంది. 1996 పెసా చట్టం కూడా ఆ యాజమాన్యాన్ని గ్రామసభకు ఇచ్చింది. కానీ మన ఊళ్లలో తేనె పిండాక మిగిలిన మైనం ఏమవుతోంది? ముద్ద చేసి సంతలో వ్యాపారి చెప్పిన రేటుకి ఇచ్చేయడం, లేదా పారేయడం. తేనెకి జీసీసీ ఉంది, రేటు అడిగేవాళ్లు ఉన్నారు. మైనం రేటు అడిగిన గ్రామసభ ఒక్కటి కూడా మా ఎరుకలో లేదు. మా నలుగురి ఇళ్లల్లో డిగ్రీ గడప తొక్కింది మేమే మొదలు. ఇద్దరి నాన్నలు ఇప్పటికీ తేనె తీస్తారు. ఇరవై అడుగుల ఎత్తులో ప్రాణం పణంగా పెట్టి దింపిన పట్టులో సగం విలువ సంతలో ముద్దగా పోతుంటే, గుప్తోష్ణం సూత్రం రాసి మార్కులు తెచ్చుకుంటే మాకు నిద్ర ఎలా పడుతుంది?

కాబట్టి ఎవరైనా సంస్థ వాళ్లో, కంపెనీ వాళ్లో మైనం హీటర్ల పేరుతో మీ ఊరొస్తే వెళ్లగొట్టక్కర్లేదు. కూర్చోబెట్టి అడగండి. ఎన్ని కిలోలు కావాలి, కిలో ఎంతకి కొంటారు, పిల్లలున్న పట్టు వదిలేసిన మైనమే తీసుకుంటారా, ఎన్ని డిగ్రీల దగ్గర కరుగుతుంది, నీళ్లతో పోల్చి చూశారా. ఈ అయిదింటికి జవాబు గ్రామసభ ముందు చెప్పగలిగినవాళ్లతోనే మాట్లాడండి. పక్కన మన హాస్టళ్ల సంగతి మర్చిపోవద్దు. అక్కడ అడగాల్సింది మైనం కాదు, ట్యాంకు మీద పొర, పగిలిన గొట్టాలు, ఏడాదికోసారి వచ్చి చూసే మెకానిక్. ఆ అర్జీ మేం రాస్తున్నాం, ఏ హాస్టల్లో ఏం పాడైందో మెసేజ్ చేస్తే మీది కూడా కలుపుతాం.

మూడు పెట్టెల పని సెమిస్టర్ పరీక్షలు అయ్యాక డిసెంబరులో మొదలుపెట్టాలని ఉంది. పాత కిటికీ అద్దాలు దొరికాయి, రేకు కొంటాం. కావాల్సింది 20 కిలోల మైనం, అది కూడా ఒకే ఇంటి దగ్గర కాకుండా నాలుగైదు ఊళ్ల నుంచి, సంత రేటు కంటే ఎక్కువకే కొంటాం, డబ్బులు మా స్కాలర్‌షిప్‌లోంచి వేసుకుంటున్నాం. కాఫీ కళ్లం పక్కన నెల రోజులు చోటు ఇవ్వగలిగినవాళ్లు, రాత్రి రెండింటికి లేచి థర్మామీటరు చూసే ఓపిక ఉన్నవాళ్లు చెప్పండి. అలాగే మీ సంతలో పోయిన వారం మైనం ముద్ద కిలో ఎంతకి పోయిందో, ఊరి పేరుతో సహా కింద రాయండి.